బోదకాలు మాత్ర వేసుకున్న రాత్రి కొందరికే జ్వరం ఎందుకు వస్తుంది? పురుగును మన గ్రాహకాలు దేన్ని చూసి గుర్తుపడతాయి?

ప్రశ్న: కోనసీమ_జువాలజీ

నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తాను. మా ప్రాంతంలో బోదకాలు నివారణకు డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఇంటింటికీ పంచేటప్పుడు మా ఎన్ఎస్ఎస్ విద్యార్థులు ఆశా కార్యకర్తల వెంట వెళ్లేవారు. ఒకసారి మర్నాడు అదే వీధికి వెళ్లి విచారిస్తే, దాదాపు అందరూ తమకేమీ కాలేదన్నారు. ఒక ఇంట్లో మాత్రం తండ్రికి రాత్రికల్లా వణుకుతో జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వచ్చాయి. అవే మాత్రలు అదే పూట మింగిన భార్యకూ కొడుక్కూ ఏమీ కాలేదు. ఆ ఇంటి పెద్దావిడ "మావాడికి మాత్ర పడలేదు, మళ్లీ ఏడు వెయ్యనివ్వను" అని తేల్చి చెప్పింది. హెల్త్ అసిస్టెంటు గారేమో "లోపల పురుగు ఉన్నవాళ్లకే జ్వరం వస్తుందమ్మా, మందు పనిచేస్తోందన్నమాట" అని సర్దిచెప్పారు.

ఆయన మాట సరైనదే అనుకుందాం. అయితే దాని వెనుక జరిగేదేమిటన్నది తరగతిలో చర్చకు వచ్చింది. సహజ రోగనిరోధకత పాఠంలో టోల్ తరహా గ్రాహకాలు బ్యాక్టీరియా పైపొరలోని లైపోపాలీశాకరైడును, కశాభంలోని ఫ్లాజెలిన్‌ను, వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏను గుర్తిస్తాయని చెబుతాము. అంటే మన కణాల్లో లేని అణువులను చూసి "ఇది పరాయిది" అని పసిగడతాయన్నమాట. కాని ఫైలేరియా పురుగు బ్యాక్టీరియా కాదు. మనలాగే కేంద్రకం ఉన్న కణాలతో, కండరాలతో, నాడులతో తయారైన జంతువు. దాని దేహంలో ఏ అణువును చూసి మన గ్రాహకాలు మేలుకుంటాయి? ఏళ్ల తరబడి రక్తంలో తిరుగుతున్నప్పుడు రాని జ్వరం, అది చస్తున్నప్పుడే ఎందుకు వస్తుంది? విద్యార్థులకు నమ్మకంగా చెప్పగల వివరణ కావాలి.


జవాబు: నిరోధశాస్త్ర_విద్యార్థి

మేడమ్ గారూ, మీ విద్యార్థులు అడిగినదానికి పరిశోధకులు చాలాకాలం తడబడ్డారు. జవాబు దొరికింది పురుగులో కాదు, పురుగు లోపల నివసించే బ్యాక్టీరియాలో.

మన దేశంలో బోదకాలుకు కారణమైన వుకరేరియా బాంక్రాఫ్టి దేహంలో వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఆడ పురుగు అండాశయాల్లోనూ, చర్మం కిందుగా పొడుగునా సాగే కణపట్టీల్లోనూ, చివరకు రక్తంలోకి విడుదలయ్యే మైక్రోఫైలేరియాలు అనే పిల్లపురుగుల్లోనూ అది కనిపిస్తుంది. 1970లలోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఫైలేరియా పురుగుల కణాల్లో బ్యాక్టీరియా వంటి ఆకారాలను చూశారు గాని, అవి వోల్బాకియా కుటుంబానివని జన్యు ఆధారంతో తెలిసింది 1990ల మధ్యలో. పురుగుకూ ఈ బ్యాక్టీరియాకూ ఒకటి లేనిదే మరొకటి బతకలేనంత పొత్తు ఉంది. డాక్సీసైక్లిన్‌ను కొన్ని వారాలు వాడి బ్యాక్టీరియాను చంపితే ఆడ పురుగు పిల్లలను పెట్టడం మానేస్తుంది, తర్వాత మెల్లగా అదీ చస్తుంది.

ఇక గ్రాహకం సంగతి. వోల్బాకియా పైపొరలో కొవ్వు తోక తగిలించిన ప్రోటీన్లు, అంటే లిపోప్రోటీన్లు ఉంటాయి. అటువంటి కొవ్వు తోకలను పట్టుకోవడమే మన తెల్లకణాల మీద ఉండే టోల్ తరహా గ్రాహకం-2 (టీఎల్ఆర్-2) పని. అది ఒంటరిగా పనిచేయదు. టీఎల్ఆర్-1తోనో టీఎల్ఆర్-6తోనో జత కడుతుంది. వోల్బాకియా లిపోప్రోటీన్ల విషయంలో జత టీఎల్ఆర్-6. ఈ జంట కొవ్వు తోకను పట్టుకోగానే కణం లోపలి వైపున మైడీ88 అనే ప్రోటీన్ వచ్చి అతుక్కుంటుంది, అక్కడి నుంచి సంకేతం కేంద్రకానికి చేరి టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్ల (సైటోకైన్ల) తయారీ మొదలవుతుంది. ఇవి రక్తంలో కలిసి మెదడులోని హైపోథాలమస్ దగ్గర ప్రోస్టాగ్లాండిన్-ఇ2 ఉత్పత్తిని పెంచుతాయి, ఒంటి ఉష్ణోగ్రత పైకి లేస్తుంది. పారాసిటమాల్ వేస్తే జ్వరం దిగేది ఈ చివరి మెట్టు దగ్గరే. గ్రాహకం దాని పని అది చేస్తూనే ఉంటుంది.

పాఠ్యపుస్తకాలు పాతవైతే ఒక సవరణ అవసరం. వోల్బాకియా గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా కాబట్టి దానిలో లైపోపాలీశాకరైడు ఉంటుందని, టీఎల్ఆర్-4 దాన్ని పట్టుకుంటుందని మొదట్లో భావించారు. 2005లో బ్రూజియా మలయి అనే ఫైలేరియా పురుగులోని వోల్బాకియా జన్యుపటం వెలువడ్డాక చూస్తే, లైపోపాలీశాకరైడు తయారుచేసే జన్యువులే అందులో లేవు. అప్పటి నుంచి దృష్టి లిపోప్రోటీన్ల వైపు, టీఎల్ఆర్-2 వైపు మళ్లింది. పరీక్షల్లో ఇప్పటికీ టీఎల్ఆర్-4 అని రాసే విద్యార్థులు కనిపిస్తే ఆ తప్పు వారిది కాదు.

బతికున్న పురుగులో ఈ బ్యాక్టీరియా దాని కణాల లోపల దాగి ఉంటుంది. పురుగు పైన గట్టి పొర ఉంటుంది, మైక్రోఫైలేరియాకైతే ఆ పైన ఒక తొడుగు కూడా ఉంటుంది. అందువల్ల మన గ్రాహకాలకు లోపలి సరుకు అంతగా తగలదు. డీఈసీ మింగిన కొద్ది గంటల్లో వేలు, లక్షల మైక్రోఫైలేరియాలు ఒక్కసారిగా నాశనమై ఆ సరుకంతా రక్తంలో పడుతుంది. చికిత్స తర్వాత జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చిన రోగుల రక్తంలో వోల్బాకియా ఆనవాళ్లు దొరికాయి. చికిత్సకు ముందు రక్తంలో మైక్రోఫైలేరియాల సంఖ్య ఎంత ఎక్కువైతే ప్రతిచర్య అంత తీవ్రంగా ఉంటుందని కూడా అనేక పరిశీలనల్లో తేలింది. మీరు చెప్పిన ఇంట్లో తండ్రికి వచ్చి మిగతావారికి రాకపోవడానికి కారణం ఇక్కడే వెతకాలి.

మరో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. ప్రయోగశాలలో పళ్లెంలో పెట్టిన మైక్రోఫైలేరియాల మీద డీఈసీ పోస్తే అవి పెద్దగా చలించవు. ఒంట్లో మాత్రం అదే మందు వాటిని గంటల్లో తుడిచిపెడుతుంది. నైట్రిక్ ఆక్సైడు తయారుచేసే ఎంజైము లేని ఎలుకల్లో డీఈసీకి ఆ పదును పోయింది. అంటే ఆ మందు సగం పని మన సహజ రోగనిరోధక కణాల చేతనే చేయిస్తుంది.


జవాబు: పీహెచ్‌సీ_డాక్టర్

పై వివరణ బాగుంది. క్షేత్రస్థాయిలో పనిచేసినవాడిగా కొన్ని మాటలు చేర్చాలి, ఒకదాన్ని కాస్త సవరించాలి.

మాత్ర మింగిన తర్వాత జ్వరం సాధారణంగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది, రెండుమూడు రోజుల్లో దానంతటదే పోతుంది. కొందరు మగవారికి వృషణాల దగ్గర గాని గజ్జల్లో గాని నొప్పితో కూడిన గడ్డ తేలుతుంది; అది శోషరస నాళంలో కాపురమున్న పెద్ద పురుగు చచ్చిన చోటు. పెద్ద ఆడ పురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవుంటుందని గుర్తుంచుకుంటే ఆ గడ్డ ఎందుకు తేలిందో అర్థమవుతుంది. పారాసిటమాల్, విశ్రాంతి చాలు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో మంచాన ఉన్నవారికి ఈ మాత్రలు ఇవ్వకూడదు. పరగడుపున మింగించకండి, కడుపులో తిప్పడం వంటివి దానివల్లే ఎక్కువ. ఆ వికారాన్ని కూడా ఊళ్లో "పురుగు చచ్చిన గుర్తు" అని ప్రచారం చేస్తే మాట పలచబడిపోతుంది.

హెల్త్ అసిస్టెంటు గారి వాక్యాన్ని తిరగేసి వాడకండని మీ విద్యార్థులకు గట్టిగా చెప్పండి. "పురుగు ఉన్నవాళ్లకే జ్వరం" అన్నంత మాత్రాన "జ్వరం రాలేదు కాబట్టి పురుగు లేదు" అని అర్థం కాదు. తక్కువ సంఖ్యలో మైక్రోఫైలేరియాలు ఉన్నవారికి ఏమీ తెలియకుండానే గడిచిపోతుంది. నిర్ధారణకు రాత్రిపూట వేలి నుంచి తీసిన రక్తపు పూత గాని, యాంటిజెన్ పరీక్ష గాని కావాలి. మైక్రోఫైలేరియాలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండి, క్యూలెక్స్ దోమ కుట్టే అర్ధరాత్రి వేళకు బయటి రక్తంలోకి వస్తాయి.

ఇక సవరణ. చచ్చిన పురుగు వల్ల వచ్చే ప్రతిచర్య అంతటినీ వోల్బాకియా ఖాతాలో వేయలేము. మధ్య, పశ్చిమ ఆఫ్రికాలో లోవా లోవా అనే ఫైలేరియా పురుగు ఉంది. దానిలో వోల్బాకియా లేదు. అయినా రక్తంలో ఆ మైక్రోఫైలేరియాలు మిల్లీలీటరుకు 30,000 దాటిన వారికి ఐవర్‌మెక్టిన్ ఇస్తే మెదడు దెబ్బతిని కోమాలోకి వెళ్లే ప్రమాదం ఉంది. కనుక పురుగు సొంత అణువులు, ఇయోసినోఫిల్ కణాలు, రక్తనాళాల్లో అడ్డుపడే చచ్చిన పిల్లపురుగులు, వీటన్నిటికీ పాత్ర ఉంది. అదృష్టవశాత్తూ మన దేశంలో లోవా లోవా లేదు. డీఈసీ వల్ల కళ్లు దెబ్బతినే ప్రమాదం ఉండే ఆంకోసెర్కా కూడా లేదు. అందుకే ఇక్కడ ఊరందరికీ పరీక్ష లేకుండా మాత్ర పంచగలుగుతున్నాము.


జవాబు: నిరోధశాస్త్ర_విద్యార్థి

డాక్టరు గారి లోవా లోవా ఉదాహరణ సరైనది. అయితే ఆ రెండు ప్రతిచర్యలూ ఒక కోవలోవి కావు. లోవాలో ప్రమాదం ప్రధానంగా మెదడులోని సన్నని రక్తనాళాల్లో జరుగుతుంది. బాంక్రాఫ్టిలో వచ్చేది బ్యాక్టీరియా సోకినప్పటి జ్వరాన్ని పోలిన ఒళ్లంతటి ప్రతిస్పందన. రెండో దానికి టీఎల్ఆర్-2 వివరణ సరిపోతుంది, మొదటిదానికి చాలదు.


జవాబు: మలేరియా_ల్యాబ్

ఈ చర్చలో మలేరియా ప్రస్తావన రాకపోవడం నాకు లోటుగా తోచింది. అసలు పరాన్నజీవి పగిలినప్పుడే జ్వరం వస్తుందన్న సూత్రం మనకు తెలిసింది మలేరియా ద్వారానే. 1880లలో ఇటలీలో కమిలో గాల్జీ ఈ సంగతిని గమనించాడు: ఎర్ర రక్తకణాలు పగిలి పరాన్నజీవులు బయటపడే సమయమూ, రోగికి చలి పుట్టే సమయమూ ఒకటే. వైవాక్స్ రకం మలేరియా పరాన్నజీవిలో ఆ చక్రం 48 గంటలు, మలేరియే రకంలో 72 గంటలు. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరానికి గడియారం అదే.

కణం పగిలినప్పుడు రక్తంలో పడే సరుకులో మూడింటిని చెబుతాను. మొదటిది, పరాన్నజీవి తన ప్రోటీన్లను పైపొరకు కట్టిపెట్టుకునే జీపీఐ లంగరు. మన కణాలకూ జీపీఐ లంగర్లు ఉన్నాయి. కాని పరాన్నజీవి లంగరులోని చక్కెరల అమరిక, కొవ్వు తోకలు వేరు. ఆ తేడాను పట్టుకునేది ప్రధానంగా టీఎల్ఆర్-2, కొంతమేరకు టీఎల్ఆర్-4. మేడమ్ గారి మొదటి ప్రశ్నకు ఇది సూటి జవాబు: కేంద్రకం ఉన్న జీవి అయినంత మాత్రాన దాని అణువులన్నీ మన అణువుల్లా ఉండవు.

రెండోది హీమోజాయిన్. పరాన్నజీవి మన హీమోగ్లోబిన్‌ను తినేటప్పుడు మిగిలే హీమ్ దానికి విషం. ఆ విషాన్ని గోధుమరంగు స్ఫటికాలుగా గట్టిపరచి తన పొట్టలో దాచుకుంటుంది. కణం పగిలాక ఈ స్ఫటికాలను మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు మింగుతాయి. మలేరియా రోగి రక్తపు పూతలో తెల్లకణాల లోపల కనిపించే గోధుమ నలుసులు ఇవే. మింగిన కణంలో ఎన్ఎల్ఆర్‌పీ3 అనే గ్రాహకం మేలుకొని, చురుకైన ఇంటర్‌ల్యూకిన్-1బీటా విడుదలకు దారి తీస్తుంది. మూడోది పరాన్నజీవి డీఎన్ఏ. దాన్ని పట్టుకునే టీఎల్ఆర్-9 కణం పైన కాక లోపలి సంచుల్లో ఉంటుంది, కాబట్టి డీఎన్ఏ అక్కడిదాకా చేరాలి. 2005లో ఒక బృందం హీమోజాయినే టీఎల్ఆర్-9ను మేల్కొలుపుతుందని ప్రకటించింది. రెండేళ్లకు మరో బృందం, స్ఫటికం కేవలం వాహనమని, దానికి అంటుకున్న డీఎన్ఏయే గ్రాహకానికి తగులుతోందని చూపింది. నాకు రెండో వివరణే నచ్చుతుంది, డీఎన్ఏను ఎంజైముతో తొలగించిన స్ఫటికం నిస్సారమైపోయింది కాబట్టి.

తెలుగు విద్యార్థులకు చెప్పేటప్పుడు బేగంపేటను వదలకండి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో, రోగి రక్తం తాగిన దోమను కోసి, దాని పొట్ట గోడలో ఏవో గుండ్రటి కణాలను చూశాడు. అవి మలేరియావని ఆయన నమ్మడానికి ఆధారం వాటిలోని నల్లని రంగు నలుసులు. రోగుల రక్తంలో తాను అప్పటికే చూసి ఉన్న నలుసులు అవి. అంటే రాస్ కన్ను ఏ పదార్థాన్ని చూసి పరాన్నజీవిని గుర్తుపట్టిందో, మాక్రోఫేజ్ కూడా ఆ పదార్థంతోనే మేలుకుంటోంది. ఆ స్ఫటికం ఏర్పడకుండా అడ్డుకొని, విషపు హీమ్‌తోనే పరాన్నజీవిని చంపడం క్లోరోక్విన్ చేసే పని. అది లోపలి సంచుల్లో ఆమ్లతను తగ్గించి టీఎల్ఆర్-9ను కూడా మందగింపజేస్తుంది.


కోనసీమ_జువాలజీ

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. ఫిబ్రవరి 10న బడిపిల్లలందరికీ ఆల్బెండజోల్ ఇస్తాము. ఏలిక పాములు, కొంకి పురుగులు ఉన్న పిల్లలకు మాత్ర తర్వాత మహా అయితే కడుపునొప్పి వస్తుంది గాని ఇటువంటి వణుకుజ్వరం రాదు. పేగుల్లోని పురుగులను శరీరం గుర్తించే దారి వేరా? ఎలుకల్లో టీఎల్ఆర్-11 పరాన్నజీవులను గుర్తిస్తుందని ఒక గైడులో చదివాను, అది మనుషులకూ వర్తిస్తుందా?


జవాబు: ఎలుకల_గది

రెండో ప్రశ్న తేలిక కాబట్టి ముందు దాన్ని ముగిస్తాను. టీఎల్ఆర్-11, దాని జంట టీఎల్ఆర్-12 టాక్సోప్లాస్మా అనే ఏకకణ పరాన్నజీవిలోని ప్రొఫిలిన్ ప్రోటీన్‌ను గుర్తిస్తాయి. ఎలుకలకు అది ప్రాణరక్షణ. మనుషుల్లో టీఎల్ఆర్-11 జన్యువు చెడిపోయి నిరుపయోగంగా పడి ఉంది, టీఎల్ఆర్-12 లేనేలేదు. మనకు పనిచేసే టీఎల్ఆర్‌లు పది. టాక్సోప్లాస్మా సోకిన మానవ కణాలు దెబ్బతిన్నప్పుడు విడుదల చేసే ఎస్100ఏ11 అనే మన సొంత ప్రోటీన్‌నే మోనోసైట్లు ప్రమాద సంకేతంగా తీసుకుంటాయని 2019లో తేలింది. కాబట్టి గైడులోని వాక్యం పక్కన "ఎలుకల్లో మాత్రమే" అని రాయించండి.

పేగు పురుగుల దారి నిజంగానే వేరు. ఆల్బెండజోల్ పురుగు కణాల్లోని సూక్ష్మనాళికలను దెబ్బతీసి, అది గ్లూకోజు పీల్చుకోలేక నీరసించేలా చేస్తుంది. పురుగు చాలావరకు మలంతో బయటకు పోతుంది, దాని లోపలి సరుకు రక్తంలో కలవదు. పైగా ఏలిక పాముల్లోనూ కొంకి పురుగుల్లోనూ వోల్బాకియా లేదు.

అలాగని పేగు ఊరికే ఉండదు. అరచేతి పొడవుకు మించిన జీవిని ఏ మాక్రోఫేజూ మింగలేదు కాబట్టి అక్కడ వ్యూహం చంపడం కాదు, గెంటేయడం. పేగు లోపలి పొరలో నూటికి ఒకటీ అరా చొప్పున టఫ్ట్ కణాలు ఉంటాయి. వీటి తలపై కుచ్చులాంటి నూగు ఉంటుంది. నాలుక మీద రుచి తెలిపే కణాల్లో పనిచేసే సంకేత యంత్రాంగమే వీటిలోనూ ఉంది. ఒక విధంగా పేగు తనలోని పురుగును రుచి చూస్తుంది. పురుగు జాడ తగిలితే టఫ్ట్ కణం ఇంటర్‌ల్యూకిన్-25ను వదులుతుంది. దాంతో పక్కనే ఉన్న ఐఎల్‌సీ2 అనే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-13ను విడుదల చేస్తాయి. అది అందిన పేగు మూలకణాలు మరిన్ని టఫ్ట్ కణాలను, జిగురు స్రవించే గాబ్లెట్ కణాలను పుట్టిస్తాయి. జిగురు పెరుగుతుంది, పేగు కండరం బలంగా ముడుచుకుంటుంది, పురుగు కాలు నిలవక కొట్టుకుపోతుంది. ఈ వలయాన్ని 2016లో మూడు బృందాలు వేర్వేరుగా వెల్లడించాయి. ఇందులో జ్వరం పుట్టించే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1ల ప్రమేయం నామమాత్రం.

టఫ్ట్ కణం ఏ గ్రాహకంతో పురుగును పసిగడుతుందన్నది మాత్రం పూర్తిగా తేలలేదు. సక్సినేట్ అనే చిన్న అణువును గుర్తించే గ్రాహకం ట్రైట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి విషయంలో సరిపోయింది. నిప్పోస్ట్రాంజిలస్ అనే పురుగు కూడా సక్సినేట్‌ను వదులుతుంది, కాని ఆ గ్రాహకం లేని ఎలుకలు సైతం దాన్ని గెంటేయగలిగాయి. పురుగులూ తక్కువవేమీ కావు. కణాలు దెబ్బతిన్నప్పుడు వెలువడే ఇంటర్‌ల్యూకిన్-33 ఇక్కడ మరో హెచ్చరిక. ఎలుకల పేగులో ఉండే హెలిగ్మోసోమాయిడిస్ ఆ ఇంటర్‌ల్యూకిన్-33నే బంధించి ఉంచే ప్రోటీన్‌ను స్రవిస్తుంది.


జవాబు: నిరోధశాస్త్ర_విద్యార్థి

మేడమ్ గారి మొదటి ప్రశ్నలో ఒక భాగం మిగిలిపోయింది: ఏళ్ల తరబడి జ్వరం ఎందుకు రాదు? పురుగు పైపొర ఒక్కటే కారణం కాదు. దక్షిణ భారతదేశంలోని ఫైలేరియా రోగులపై సుభాష్ బాబు, థామస్ నట్‌మన్ తదితరులు చేసిన పరిశోధనల్లో, రక్తంలో మైక్రోఫైలేరియాలు ఉండి కూడా ఏ లక్షణమూ లేనివారి రోగనిరోధక కణాల్లో టీఎల్ఆర్‌ల మోతాదు, స్పందన రెండూ తగ్గి ఉన్నట్లు కనిపించింది. నిత్యం పురుగు స్రావాల మధ్య ఉండి ఆ కణాలు మందగిస్తాయి. కాలు వాచిన రోగుల్లో పరిస్థితి తారుమారు. వారి రక్తంలో చాలాసార్లు మైక్రోఫైలేరియాలే ఉండవు గాని, గ్రాహకాలను కదిపితే వాపును రేపే సైటోకైన్లు ఎక్కువగా వెలువడతాయి.

పెద్దావిడ లాంటివారు తరచూ అడిగే "మాత్రలు మింగినా వాచిన కాలు తగ్గదేం" అన్న ప్రశ్నకు కూడా ఇందులో కొంత జవాబు ఉంది. మాత్ర ప్రధానంగా రక్తంలోని పిల్లపురుగుల మీద పనిచేస్తుంది. ఆ కాలులో ఇప్పుడు వాపును రగిలిస్తున్నది ఎక్కువగా దెబ్బతిన్న శోషరస నాళాలూ, వేళ్ల సందుల పగుళ్ల గుండా మాటిమాటికీ చొరబడే మామూలు చర్మపు బ్యాక్టీరియా. వాటినీ పట్టుకునేవి ఆ టీఎల్ఆర్‌లే, అందుకే ప్రతి దాడికీ కాలు ఎర్రబడి జ్వరం వస్తుంది, వాపు మరికాస్త పెరుగుతుంది. ఆ దాడులు తగ్గాలంటే రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, పగుళ్లకు మందు రాసుకోవాలి.


జవాబు: పీహెచ్‌సీ_డాక్టర్

కాలు కడిగే పద్ధతిని మీ విద్యార్థులకు ఆరోగ్య కేంద్రంలో చేసి చూపించమని అడగండి. మగ్గు, సబ్బు, మెత్తని గుడ్డ చాలు. గీకకుండా కడగాలి, నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య సందు దాదాపు అందరూ వదిలేస్తారు. ఆ ఇంటి తండ్రికి మళ్లీ ఏడు మాత్ర ఇచ్చేటప్పుడు అన్నం తిన్నాక ఇప్పించండి, రెండు పారాసిటమాల్ మాత్రలు చేతిలో పెట్టి, జ్వరం వస్తే ఎవరికి ఫోను చేయాలో పెద్దావిడకే చెప్పి రండి. ఒకసారి మైక్రోఫైలేరియాల సంఖ్య పడిపోయింది కాబట్టి రెండో ఏడు జ్వరం సాధారణంగా తక్కువగా ఉంటుంది, లేదా అసలు రాదు.